ఇంటి ప్రాజెక్టుల మార్కులు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో పదో తరగతి విద్యార్థికి ప్రతి సబ్జెక్టులో 20 అంతర్గత మార్కులు వచ్చే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో బడిలోనే జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో), లఘు పరీక్ష, తరగతిలో భాగస్వామ్యం, రాత పనులతో పాటు ప్రాజెక్టు పనికీ అయిదు మార్కుల వాటా ఉంది. బడిలో జరిగే లఘు పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ఇంటికి పంపే ప్రాజెక్టును చాలా ఇళ్లలో తల్లిదండ్రులే పూర్తిచేస్తున్నారు. తీరిక లేనివారు ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అట్ట వేయించి పంపుతున్నారు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ సొంతంగా వంకరటింకర అక్షరాలతో రాసుకొచ్చిన నివేదిక ఆ రంగుల అట్టల పక్కన వెలవెలబోతుంది.

ఈ అయిదు మార్కులు చిన్నవే అనుకోవడానికి వీల్లేదు. కోవిడ్ కారణంగా 2021లో వార్షిక పరీక్షలు రద్దయినప్పుడు, ఈ మూల్యాంకనం మార్కుల ఆధారంగానే పదో తరగతి గ్రేడ్లు ఇచ్చారు.

తల్లిదండ్రులను మాత్రమే తప్పుపట్టలేం. సెలవు రోజున థర్మోకోల్ నమూనా చేసి తెమ్మని పిల్లవాడికి చెబితే, ఆ పని ఎవరి మీద పడుతుందో చెప్పిన ఉపాధ్యాయుడికీ తెలుసు. పిల్లవాడికి సందేహం వస్తే వివరించడం, ఊళ్లోని చెరువు గురించి తాతను అడిగి రమ్మనడం సాయమే. వాక్యాలు చెప్పి రాయించడం కాదు. ప్రాజెక్టు రాతను బడివేళల్లోనే చేయించి, మార్కులు వేసేముందు ప్రతి విద్యార్థి చేత రెండు నిమిషాలు మాట్లాడించేలా విద్యాశాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి, వరంగల్