చిప్పులకు డబ్బు పెడితే చేతికి చిప్పేనా?

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. "కర్నూల్లో లేజర్‌తో డ్రోన్‌ని కూల్చారు కదా, ఆ లేజర్ డయోడ్లు మనమే చేస్తే పోలా? డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌కి దరఖాస్తు పెడుతున్నా, ఏం రాయమంటావ్?" అని అడిగేసి ఊరుకున్నావు. నా జవాబూ ముక్కలో చెప్పాలంటే, కరెంటుని కాంతిగా మార్చే ఆ డయోడ్ చిప్పు చేస్తామని అడక్కు. కొన్న చిప్పుల్ని లెన్సులతో, ఫైబర్‌తో కలిపి డబ్బాలో బిగించే ప్యాకేజీ చేస్తాం, పరీక్షలు చేస్తాం అని అడుగు. చిప్పు జోలికెళ్తే చివరికి చేతికొచ్చేది చిప్పే. ఎందుకో చెప్తా, టీ పెట్టుకుని చదువు, ఇది కాస్త పొడుగే.

2025 ఏప్రిల్ 13న కర్నూలు నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో చూపించింది 30 కిలోవాట్ల లేజర్. చేసింది మీ హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ చెస్ ల్యాబే. టీవీలో అందరూ కాలి పడిన డ్రోన్‌నే చూశారు. ఆ ఒక్కదాని సంగతి పక్కనపెట్టి, అంత పవరున్న ఫైబర్ లేజర్‌కి (డయోడ్ల కాంతిని సన్నటి గాజు పోగుల్లో పోసి కిరణంగా మార్చేది) మామూలుగా ఏం కావాలో వెనక నుంచి ముందుకు లెక్కేద్దాం. బయటికి 30 కిలోవాట్లు రావాలంటే, కిరణాలన్నీ ఒకటిగా కలిపే దగ్గర పదో వంతు పోతుంది కనక ఫైబర్ల నుంచి 33 రావాలి. ఫైబర్లు మింగిన దాంట్లో 80 శాతమే తిరిగిస్తాయి, అంటే వాటికి 42 కిలోవాట్ల డయోడ్ కాంతి పొయ్యాలి. డయోడ్ మాడ్యూల్, అంటే చిప్పులన్నీ బిగించిన డబ్బా, 50 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 84 కిలోవాట్ల కరెంటు. డయోడ్లకి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ల నష్టం కలిపితే 93. అంటే 63 కిలోవాట్ల వేడిని ఎక్కడికో తోలాలి. టన్ను ఏసీకి మూడున్నర కిలోవాట్లు వేసుకో, 18 టన్నుల ఏసీ అన్నమాట. లారీ మీద, మే నెల కర్నూలు ఎండలో, 44 డిగ్రీల గాలిలోకి! లేజర్ ఆయుధం అంటాం గానీ బరువులో పెద్ద భాగం కూలింగూ కరెంటూనే.

ఆ 63లో 42 డయోడ్ల దగ్గరే పుడుతుంది. మాడ్యూల్ సామర్థ్యం 50 నుంచి 60కి పెరిగితే అది 28కి దిగుతుంది. పన్నెండు టన్నుల ఏసీ ఎనిమిదవుతుంది. అందుకే డయోడ్ దగ్గర తెచ్చిన ఒక్కో శాతం నీళ్లు చల్లబరిచే చిల్లర్‌లో, జనరేటర్లో, చివరికి లారీ సైజులో కనిపిస్తుంది.

"ఇంత తిప్పలెందుకు, డయోడ్ కాంతినే నేరుగా కొట్టొచ్చుగా" అని నువ్వు అడుగుతావని తెలుసు. కాంతికి కొదవలేదు, దాన్ని ఒక బిందువు మీదికి తేవడమే కష్టం. డయోడ్ లోంచి కాంతి నిలువుగా 40 డిగ్రీల దాకా చెదురుతుంది, అడ్డంగా పది. అది బయటికొచ్చే చీలిక 100 మైక్రాన్ల వెడల్పుంటే ఎత్తు మైక్రాను దగ్గర. అలాంటివి వేలు పోగేసినా కిలోమీటరు దూరంలో రూపాయి బిళ్లంత మచ్చ రాదు. ఇటర్బియం అనే లోహం కలిపిన ఫైబర్ ఈ గజిబిజి కాంతిని తాగి శుభ్రమైన కిరణంగా ఇస్తుంది. ఫైబర్ మధ్యవర్తి, కూలి డయోడ్‌ది. ఈ మధ్యవర్తిని తీసేసే ప్రయత్నాలూ ఉన్నాయి. క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో 3 మిల్లీమీటర్ల ఫోటానిక్ క్రిస్టల్ లేజర్ ఒక్కదాంట్లోంచి 50 వాట్లు శుభ్రంగా రాబట్టారు. గొప్ప పనే. నీ నాలుగేళ్ల ప్రాజెక్టుకి మాత్రం పనికిరాదు.

ఇలాంటి పనికి డబ్బెలా పెట్టాలో చూడాలంటే అమెరికా వాళ్ల షెడ్స్ కార్యక్రమం చూడు. 2003లో అక్కడి రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొదలుపెట్టింది. అప్పటికి మంచి డయోడ్ బార్ (డయోడ్లు వరసగా ఉన్న పట్టీ) సామర్థ్యం 50 శాతం చుట్టుపక్కల. వాళ్లు కిలోవాట్లు అడగలేదు, ఆయుధమూ అడగలేదు. "80 శాతం తెండి" అన్నారు, అంతే. ఎన్‌లైట్, అల్ఫాలైట్, జేడీఎస్‌యూ అని మూడు కంపెనీలకిచ్చి పోటీ పెట్టారు. ఆ అంకె ఎందుకంటే, 100 వాట్ల బార్ 50 శాతంలో 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, 80 శాతంలో 25 మాత్రమే. వేడి నాలుగో వంతు.

నాకు నచ్చింది ఆ అంకె కాదు, కంపెనీలు దాన్ని విప్పిన తీరు. పోయే కరెంటుకి పద్దు రాశారు. ఇటర్బియం తాగే 976 నానోమీటర్ల ఫోటాన్‌కి, అంటే ఒక్క కాంతి కణానికి, 1.27 వోల్టులు చాలు, డయోడ్ మాత్రం 1.5 దాటి తింటుంది. పైన పోయేదంతా పొరల మధ్య గోడల్లో, రెసిస్టెన్సులో పోతున్నదే. లేజర్ వెలగడానికి ముందే ఖర్చయ్యే కరెంటు ఒక పద్దు. కాంతి పుట్టే పలచటి పొర, క్వాంటమ్ వెల్ లోంచి పొర్లిపోయే ఎలక్ట్రాన్లు ఒక పద్దు. లోపలే ఇంకిపోయే కాంతి ఇంకో పద్దు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది, డోపింగ్ (పొరల్లో కావాలని కలిపే మలినాలు) పెంచితే రెసిస్టెన్సు తగ్గి ఇంకిపోయే కాంతి పెరిగినట్టు. అలా పద్దుకి అరశాతం, ఒక శాతం చొప్పున లాక్కుంటూ 70 దాటారు. బాగా చల్లబరిస్తే 80 కూడా దాటింది. గది ఉష్ణోగ్రతలో మాత్రం 80 అందలేదు. అందని లక్ష్యమే గానీ దాని దయవల్ల మార్కెట్లో దొరికే డయోడ్లన్నీ బాగుపడ్డాయి. ఎన్‌లైట్ ఇవాళ ఒక చేత్తో పరిశ్రమలకి, ఇంకో చేత్తో అమెరికా సైన్యానికి అమ్ముతోంది.

ఇప్పుడు నిన్ను చిప్పు వద్దన్న కారణం. మళ్లీ లెక్కే, విసుక్కోకు. మాడ్యూల్ కాంతిని మోసే ఫైబర్ చివర 42 కిలోవాట్లు కావాలంటే, దారిలో కొంత పోతుంది కనక, చిప్పుల దగ్గర 50 పుట్టాలి. చిప్పుకి 12 వాట్లు వేసుకుంటే నాలుగు వేల పైచిలుకు చిప్పులు. ఒక్కోటి 4 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. మూడంగుళాల గాలియం ఆర్సెనైడ్ వేఫర్ (చిప్పులు కోసే పలచటి బిళ్ల) మీద రెండు వేల పైనే పడతాయి, అంచులూ చెడినవీ పోగా వెయ్యి మంచివనుకో. అంటే ఒక ఆయుధానికి నాలుగైదు వేఫర్లు! వేఫర్ మీద పొరలు పెంచే ఎపిటాక్సీ రియాక్టర్, మధ్యరకందైనా, ఒక్క విడతలో పెంచేస్తుంది. మిగతా ఏడాదంతా ఆ రియాక్టర్ ఏం చెయ్యాలి? ఖాళీగా ఉంచితే పాడవదనుకోకు. ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ పొరల మందం, కూర్పు తేడా వస్తాయి, మళ్లీ సరిపెట్టుకోవడానికి వేఫర్లు తగలెయ్యాలి. సైన్యం ఆర్డర్లతోనే డయోడ్ ఫ్యాబ్, అంటే చిప్పుల ఫ్యాక్టరీ, బతకదు. లోకంలో బతుకుతున్నవి చాలావరకు షీట్లు కోసే, వెల్డింగ్ చేసే లేజర్ల మార్కెట్ మీద బతుకుతున్నాయి. 2014లో అమెరికా నేవీ పాన్స్ అనే నౌక మీద పెట్టిన 30 కిలోవాట్ల లేజర్ కూడా బజార్లో దొరికే ఆరు వెల్డింగ్ ఫైబర్ లేజర్లను కలిపి చేసిందే.

"మన హైదరాబాద్‌లోనే గేటెక్ ఉందిగా, గాలియం ఆర్సెనైడ్ ఫౌండ్రీ" అంటావేమో. ఉంది. అది మైక్రోవేవ్ చిప్పుల కోసం. లేజర్‌కి ప్రాణం ముఖం దగ్గరుంటుంది, అంటే చీల్చిన అంచు దగ్గర. గాల్లో చీలిస్తే ఆక్సిజన్ అంటుకుంటుంది, ఆ చోట కాంతి ఇంకి వేడెక్కుతుంది, వేడెక్కిన చోట ఇంకా ఎక్కువ ఇంకుతుంది, మైక్రోసెకన్లలో ముఖం కరిగిపోతుంది. శూన్యంలో చీల్చి, గాలి సోకకముందే పూత వెయ్యడం వేరే విద్య. గాలియం కోసం 2023 ఆగస్టు నుంచి చైనా లైసెన్సు అడుగుతున్న మాట నిజమే, కానీ నాలుగైదు వేఫర్లకు పట్టే గాలియం ఎంత? దానికి భయపడి ఫ్యాబ్ కట్టనక్కర్లేదు, వేఫర్లు కొని బీరువాలో పెట్టుకుంటే సరి.

కాబట్టి చిప్పు కొను. సబ్‌మౌంట్ (చిప్పు కింద పెట్టే చిన్న పలక) మీద అతికించని, ఉత్త చిప్పే కొను. అక్కణ్ణుంచి ఫైబర్ చివరిదాకా నీ పని. వెల్డింగ్ మార్కెట్ పట్టించుకోని, సైన్యానికి తప్పనిసరైన తేడాలన్నీ ఈ మధ్యలోనే ఉన్నాయి.

మొదటిది టంకం. ఇండియం అనే లోహపు టంకం మెత్తన, చిప్పుని నొప్పించదు, అందరికీ ముద్దు. ఫ్యాక్టరీలో రోజంతా ఆన్‌లో ఉండే లేజర్‌కి చెల్లుతుంది. ఆయుధం పది సెకన్లు పేలుతుంది, ఆగుతుంది, మళ్లీ పేలుతుంది. ప్రతి ఆన్-ఆఫ్‌కీ ఇండియం కాస్త జరుగుతుంది, బొక్కలు పడతాయి, అక్కడ వేడి నిలుస్తుంది. నువ్వు 80-20 బంగారం-తగరం టంకం వాడు, 280 డిగ్రీల్లో కరుగుతుంది. అది గట్టిది కనక కింద ఉత్త రాగి పెట్టకు. రాగి చిప్పుకన్నా దాదాపు మూడింతలు సాగుతుంది, చల్లారేటప్పుడు చిప్పు పగులుతుంది. రాగి-టంగ్‌స్టన్ గానీ అల్యూమినియం నైట్రైడ్ గానీ పెట్టు. టంకం బాగా అంటుకోవడానికి రాసే ఫ్లక్స్ ముట్టుకోకు, ఆ మడ్డి ముఖం మీదికి పాకుతుంది. ప్రతి బ్యాచ్‌నీ ఎక్స్‌రేలో చూడు. చిప్పు మధ్యలో చిన్న బొక్క పర్లేదు గానీ, ముఖం కింద ఉంటే అవతల పారెయ్.

రెండోది లెన్సులు. నిలువు చెదురుని ఆపే బుల్లి లెన్సు మైక్రాన్ కన్నా తక్కువ తేడాతో కూర్చోవాలి. కూర్చోబెట్టడం కష్టం కాదు, రోబో చేస్తుంది. అతికించిన జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి లెన్సుని లాగేస్తుంది, చిక్కంతా అక్కడే. ఎంత లాగుతుందో ముందే కొలిచి, అంత అవతలకి జరిపి అతికించాలి. జిగురు డబ్బా మారితే ఆ అంకె కూడా మారుతుంది.

మూడోది సీలు. విశాఖ లాంటి చోట 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉంటే 29 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీరు పడుతుంది. నువ్వు 20 డిగ్రీల నీళ్లు తిప్పితే చెమ్మ డయోడ్ మీదే. సరేనని డబ్బా మూసి ఉత్త నైట్రోజన్ నింపావనుకో, అదింకో చిక్కు. జిగురు నుంచి వచ్చే ఆవిరి కాంతికి మాడి ముఖం మీద మసి కడుతుంది. కొంచెం ఆక్సిజన్ ఉంటే ఆ మసి కాలిపోతుంది. పొడి గాలి నింపు, జిగురు తక్కువ వాడు.

నాలుగోది తరంగదైర్ఘ్యం. డయోడ్ ఒక డిగ్రీ వేడెక్కితే 0.3 నానోమీటర్లు జరుగుతుంది. ఇటర్బియం 976 దగ్గర సన్నగా తాగుతుంది, పది డిగ్రీల తేడా వస్తే తాగడం తగ్గి కొంత కాంతిని వదిలేస్తుంది. ఆ వదిలేసిన కాంతి ఫైబర్ అవతల ఏదో ఒకటి మాడ్చుతుంది. ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపే గాజు ముక్క, వాల్యూమ్ బ్రాగ్ గ్రేటింగ్ పెడితే 976కి కట్టేసినట్టుంటుంది. కానీ ఆ కట్టు కొద్ది డిగ్రీల మేరకే. చల్లగా ఉన్న లేజర్‌ని ఒక్కసారిగా నిండు కరెంటుకి తోస్తే మొదట్లో కట్టు తప్పుతుంది. ఫ్యాక్టరీలో కాసేపు ఆగితే సరి, డ్రోన్ ఆగదు. ఇది పరిష్కరిస్తానని రాస్తే నీ దరఖాస్తు పక్కవాళ్ల వాటిలో తేలిపోదు.

ఫైబర్ వైపు నుంచి 1,030-1,100 నానోమీటర్ల కాంతి వెనక్కి తన్నకుండా ఫిల్టర్ పూత తప్పనిసరి. ఇది మరిచి చంపేసుకున్న డయోడ్లకి లెక్కలేదు.

ఇక డబ్బు. ఆ ఫండ్ ప్రాజెక్టుకి 50 కోట్ల దాకా ఇస్తుంది, ఖర్చులో 90 శాతం వరకు, నాలుగేళ్ల గడువు. 8 కోట్ల ప్రాజెక్టు రాస్తే 80 లక్షలు నీవి. అసలు ఇబ్బంది ఆ 80 లక్షలు కాదు, మైలురాయి దాటాకే డబ్బు కదులుతుంది, మధ్యలో జీతాలు నువ్వు నడపాలి. అందుకే మైలురాళ్లు నీ చేతిలో ఉన్నవే రాసుకో. "200 వాట్ల మాడ్యూల్ తయారీ" అని రాయకు, అది ఎలాగూ చేస్తావ్. ఇలా రాయి: 35 డిగ్రీల నీటితో, 105 మైక్రాన్ల ఫైబర్ చివర 200 వాట్లు, 50 శాతం సామర్థ్యం, పది వేల ఆన్-ఆఫ్‌ల తర్వాత తగ్గుదల పది శాతం లోపు. నీళ్లు 35 అంటే చెమ్మ బెడద పోతుంది, చిల్లర్ చిన్నదవుతుంది. కాస్త సామర్థ్యం పోతుంది, అందుకే ఆ 50 అంత తేలిగ్గా రాదు. "ఫైబర్ చివర" అనే మాట వదలొద్దు. చిప్పు దగ్గర 65 అని కరపత్రాల్లో వేసుకునేది ఫైబర్ చివరికొచ్చేసరికి 53 అవుతుంది. ఎక్కడ కొలిచారో చెప్పని శాతానికి విలువ లేదు.

పరీక్షల కాలం కూడా క్యాలెండర్లో పెట్టు. పది సెకన్లు ఆన్, ఇరవై ఆఫ్ అంటే పది వేల సైకిళ్లకు మూడున్నర రోజులు చాలు. టంకం తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది, కాబట్టి మొదటి నెలలోనే చేసెయ్. ఆయుష్షు పరీక్ష వేరు. 25 డిగ్రీలకు బదులు 60లో నడిపితే, వేడికి ఎంత త్వరగా పాడవుతుందో చెప్పడానికి చాలామంది వాడే 0.45 ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో, ఆరింతలు వేగంగా ముసలిదవుతుంది. 20,000 గంటలు నిరూపించాలంటే 3,000 గంటలకు పైగా, అంటే నాలుగున్నర నెలలు రాత్రింబవళ్లు. మధ్యలో కరెంటు పోతే డ్రైవర్ ఇచ్చే ఒక్క కుదుపు డయోడ్లని చంపుతుంది, అది ఆయుష్షు తీరి చావడం కాదు, ఆ లెక్కా కలగాపులగం. యూపీఎస్, డీజీ సెట్ ఖర్చు మొదటి బడ్జెట్లోనే వేసుకో, తర్వాత ఎవరూ ఇవ్వరు.

మేధోహక్కులు డీఆర్‌డీఓతో ఉమ్మడిగా ఉంటాయి, ఆ షరతు మీ లాయరుతో చదివించు. నీ మాడ్యూల్ వెల్డింగ్ లేజర్ కంపెనీలకి అమ్ముకోవడానికి అడ్డు లేకుండా చూసుకో. నీకు తిండి పెట్టేది ఆ అమ్మకాలే.

బంగారం-తగరం పూతతో వచ్చే సబ్‌మౌంట్లకి ఎవరెంత చెప్పారో కొటేషన్లు పంపు. పూత మందం ఎంతో రాయని కొటేషన్ అయితే పంపకు, వాళ్లని మళ్లీ అడుగు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ
సుబ్బు