శివారు ఊళ్ల జనాభాను విడిగా చూపండి

సంపాదకులకు,

విశాఖ పరిసరాల్లో ఒక చిన్న ఊరి జనాభా ఎంతని వెతికితే మూడు కాగితాల్లో మూడు అంకెలు దొరుకుతాయి. మూడూ సరైనవే కావచ్చు, కానీ మూడు వేర్వేరు ‘ఊళ్ల’వి. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. దానికి హద్దులు, ఆరంకెల కోడు ఉంటాయి. పంచాయతీలోనేమో రెండు మూడు రెవెన్యూ గ్రామాలు కలిసి ఉండొచ్చు. ఇక మనుషులు ‘మా ఊరు’ అనేది చాలాసార్లు శివారు గ్రామాన్ని: కొండవార, గెడ్డ (వాగు) అవతల నలభై యాభై గడపలు. జనగణన పట్టికలో దీనికి వరసే లేదు. అక్కడివాళ్లంతా పెద్ద ఊరి లెక్కలో కలిసిపోతారు. మనుషులే లేని బేచిరాక్ గ్రామానికి మాత్రం రెవెన్యూ రికార్డులో పేరుంది కాబట్టి పట్టికలోనూ చోటుంటుంది!

దీని నష్టం రోడ్డు దగ్గర తెలుస్తుంది. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన నాలుగో దశలో మైదానంలో 500, గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలకు అర్హత. అదీ 2011 లెక్క ప్రకారమే. తన అంకె తనకు లేని శివారు ఏ కాగితం చూపించాలి? పంచాయతీల విషయంలోనూ జనాభా అంటే చివరిసారి ప్రచురించిన జనగణన అంకెలేనని రాజ్యాంగం 243వ అధికరణ చెబుతోంది. కొత్తవి వెలువడేదాకా 2011వే ఆధారం.

పాత అంకె వాడేటప్పుడు జిల్లా కూడా చూసుకోవాలి. 2011లో 42,90,589 మంది ఉన్నది ఉమ్మడి విశాఖ జిల్లాలో. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. అందుకే పాడేరు వైపు ఊళ్లు పాత పట్టికల్లో విశాఖ కిందే కనిపిస్తాయి. అక్షరాస్యతలోనూ తరచూ పొరపాటు జరుగుతోంది. ఊళ్లో 900 మంది, వారిలో ఏడేళ్లలోపు పిల్లలు 100, చదువు వచ్చినవారు 480 అనుకుందాం. శాతం కట్టాల్సింది ఆ పిల్లల్ని తీసేసిన 800 మీద, అంటే 60. మొత్తం 900 మీద కడితే 53కి పడిపోయి ఊరికి లేని వెనుకబాటు అంటగట్టినట్టవుతుంది.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనకు 2025 డిసెంబరు 31 నాటి హద్దులే వర్తిస్తాయి. అందులో శివార్లను కొత్త రెవెన్యూ గ్రామాలుగా చూపలేకపోవచ్చు. లెక్క తప్పకుండా మాత్రం చూసుకోవచ్చు. గణన బ్లాకు అంటే ఒక ఎన్యూమరేటరుకు (లెక్క రాసేవారికి) అప్పగించే ప్రాంతం. రెండు గణన బ్లాకుల సరిహద్దులో గెడ్డ ఉంటే, అవతలి పాకలు ఎదుటి బ్లాకువని ఇద్దరు ఎన్యూమరేటర్లూ వదిలేసే ప్రమాదం ఉంది. శివారు పేరు ఏ బ్లాకు నక్షాలో ఉందో సర్పంచి, పంచాయతీ కార్యదర్శి ముందే అడిగి తెలుసుకోవాలి. లేకపోతే తహశీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నగరానికి పనికెళ్లినవాళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 2011 పద్ధతిలో లెక్కింపు రోజులన్నీ ఊళ్లో లేనివారిని ఊళ్లో రాయలేదు, ఉన్నచోటే రాయించుకోవాలి. అక్కడ అద్దెగదికి తాళం వేసి ఉంటే ఇక ఎక్కడా లెక్కలోకి రారు.

గణన బ్లాకు సమాచారం ఎలాగూ సేకరిస్తారు. దాని నుంచి శివారు వారీగా ఇళ్లు, జనాభా తీసి పంచాయతీ నోటీసు బోర్డులో పెట్టేలా జిల్లా యంత్రాంగం ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం.

- పద్మనాభం మండల పాఠకులు, విశాఖపట్నం జిల్లా