కోబాల్ నేర్పుతున్నారు సరే, నోడ్ పేరు సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ కెరీర్ పేజీలో మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటివి వాడే పెద్ద కంప్యూటర్) గురించి ఎప్పుడు రాసినా కోబాల్ భాష, జాబ్‌లు నడిపే జేసీఎల్, డీబీ2 డేటాబేస్ దగ్గరే ఆగిపోతున్నారండి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ అంతే. కానీ ఉద్యోగంలో చేరిన పిల్లల్ని నైట్ షిఫ్ట్‌లో ఏడిపించేది ఫైల్ ట్రాన్స్‌ఫర్, అందులోనూ నోడ్ పేరు.

చాలా బ్యాంకుల్లో రాత్రి బ్యాచ్ అయ్యాక ఫైళ్లు బయటి సర్వర్లకి వెళ్లేది కనెక్ట్ డైరెక్ట్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ మీదే, 2010లో ఐబీఎం చేతికొచ్చింది కానీ పాతవాళ్లకి అది ఇప్పటికీ పాత పేరు ఎన్‌డీఎమ్మే. అందులో ప్రతి సిస్టమ్‌కీ ఒక నోడ్ పేరు, 16 అక్షరాలు దాటకూడదు. మన నెట్‌మ్యాప్‌లో (ఏయే నోడ్‌లతో మాట్లాడాలో రాసుకునే జాబితా) అవతలివాళ్ల పేరు రాసుకుంటే చాలదు, వాళ్ల నెట్‌మ్యాప్‌లో మన పేరూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. యూనిక్స్ వైపు ఎవరో స్మాల్ లెటర్స్‌లో కొట్టేస్తారు, మెయిన్‌ఫ్రేమ్ నుంచి క్యాపిటల్స్‌లో వెళ్తుంది, అంతే, రిజెక్ట్. ఇక అన్ని టీములూ కలిసే బ్రిడ్జ్ కాల్ మొదలు. నెట్‌వర్క్ వాళ్లు కనెక్ట్ డైరెక్ట్ వాడే 1364 పోర్టు ఓపెన్‌గానే ఉందంటారు, ఫైర్‌వాల్ వాళ్లు మా తప్పేం లేదంటారు, రెండూ నిజమే, కానీ నెట్‌మ్యాప్ తెరిచి చూసేవాడే ఉండడు. చివరికి ఎవరో ఓ పెద్దమనిషి నెట్‌మ్యాప్ చెక్ (వచ్చినవాడి పేరు జాబితాలో ఉందా అని చూసేది) ఆఫ్ చేసెయ్ అని సలహా ఇస్తాడు, గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఇంటికి పంపేసినట్టు.

ఇంకోటి, ఫైలు పంపేవాడే పీనోడ్ (ప్రైమరీ నోడ్) అని చాలామంది బట్టీ పట్టేస్తున్నారు, కాదు, ప్రాసెస్ (అంటే ఆ ట్రాన్స్‌ఫర్ పని) మొదలుపెట్టినవాడు పీనోడ్, ఫైలు ఎటు పోయినా సరే. పేరు పెట్టేటప్పుడు అందులో ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడి సిస్టమ్‌లా నడిచే భాగం) పేరో ఊరి పేరో ఇరికించడం ఇంకో తలనొప్పి, రేపు డీఆర్ (ప్రమాదం వస్తే వాడే బ్యాకప్) సైట్‌కి మారితే ఆ పేరు అబద్ధమైపోతుంది, మార్చాలంటే అవతల ఎంతమంది పార్ట్‌నర్లుంటే అందరి నెట్‌మ్యాపులూ మార్చాల్సిందే. మన నెట్‌మ్యాప్‌లో పక్క నోడ్ (పార్ట్‌నర్) ఎంట్రీ మార్చడానికి డీటీఎఫ్ (కనెక్ట్ డైరెక్ట్ అసలు ప్రోగ్రామ్) ఆపక్కర్లేదు, అప్‌డేట్ నెట్‌మ్యాప్ కమాండ్ చాలు, ఇది కూడా ఎవరూ చెప్పరు.

మీరు ఈసారి రాసేటప్పుడు దీనికి ఒక్క కాలమ్ ఇవ్వండి. కోచింగ్ వాళ్లు కనెక్ట్ డైరెక్ట్ లైసెన్స్ లేదంటారేమో, టీఎస్‌ఓలో (మెయిన్‌ఫ్రేమ్‌లో కమాండ్లు కొట్టే చోటు) ట్రాన్స్‌మిట్ కమాండ్ ఉంది కదా, నోడ్ పేరు, చుక్క, యూజర్ ఐడీ కొట్టి డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) పక్క ఐడీకి పంపి రిసీవ్ చేయించండి. ఆ నోడ్ జెస్2ది (మెయిన్‌ఫ్రేమ్‌లో జాబ్‌లు చూసుకునే భాగం), పేరు 8 అక్షరాలే, కనెక్ట్ డైరెక్ట్ పేరుతో సంబంధం లేదు, ఆ తేడా కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగి, హైదరాబాద్