కాలా ఘోడా దగ్గర ఒక్క గది ఇప్పించండి: మహారాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మరాఠీ ప్రతిని మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. ముంబైలో ఉన్న మా తెలుగువాళ్ళూ చదవాలని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. అడుగుతున్నది ముంబై యూదుల కళలు, పత్రికలు, సినిమాల ఆనవాళ్ళు దాచుకునేందుకు ఒక గది. మధ్యలో తెలుగువాడికేం పని అనుకుంటే కాస్త ఓపిక పట్టండి, ఆ సంగతికీ వస్తాను.

మా మేనకోడలు మాస్ మీడియా చదువుతోంది. ముంబై కళల్లో యూదుల పాత్ర మీద కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. "మామా, నీకు ఊరంతా తెలుసు కదా, తీసుకెళ్ళు" అంది. నాకు తెలిసింది బస్సు రూట్లే అని మూడు రోజుల్లో తేలిపోయింది. ఒక కార్యాలయంలో గుమస్తా "మీరు యూదులా?" అని అడిగాడు. కాదన్నాం. "మరి మీకెందుకు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. ఇంకోచోట పాత మరాఠీ యూదు పత్రికలు ఉండాలని ఎవరో చెబితే వెళ్ళాం. ఉన్నాయట. మూటకట్టి అటక మీద పెట్టారట. దించే మనిషి సెలవులో ఉన్నాడట. రెండోసారి వెళ్ళినా ఆయన సెలవు అయిపోలేదు.

అయినా ఆ మూడు రోజుల్లో చూసినవి తక్కువేమీ కాదు. కాలా ఘోడా దగ్గర నిలబడండి. ఆ పేటకు పేరు తెచ్చిన నల్లగుర్రం విగ్రహం ఆల్బర్ట్ ససూన్ అనే బాగ్దాదీ యూదుడు ఊరికి ఇచ్చిన కానుక. 1879లో పెట్టారు. గుర్రం మీద ఇంగ్లిష్ యువరాజు ఉన్నాడని 1965లో తీసేశారు, ఇప్పుడది బైకుల్లా రాణీబాగ్ జూలో ఉంది. పాతచోట 2017లో రౌతు లేని గుర్రాన్ని నిలబెట్టారు. ఏటా లక్షల మంది వచ్చే కళల పండుగ కూడా ఆ గుర్రం పేరుతోనే నడుస్తోంది. అక్కడి నుంచి నాలుగడుగులేస్తే డేవిడ్ ససూన్ లైబ్రరీ, 1870 నాటి భవనం. దాన్ని ఆనుకున్నట్టే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ, అందులోనే మీ రాష్ట్ర పురాభిలేఖాగారం (ఆర్కైవ్స్). ఇంకో సందు తిరిగితే నీలిరంగు సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. పేరు కెనెసెత్ ఎలియాహూ. జాకబ్ ససూన్ తండ్రి జ్ఞాపకంగా 1884లో కట్టించాడు. దాన్ని ఎంత శ్రద్ధగా బాగుచేశారంటే 2019లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో చోటు దక్కింది. అన్నీ పది నిమిషాల నడకలోనే. వీటన్నిటినీ కలిపి చెప్పే పలక ఒక్కటి కూడా మా కంటికి కనబడలేదు.

ససూన్లు డబ్బున్నవాళ్ళు కాబట్టి వాళ్ళ పేర్లు రాళ్ళ మీదైనా మిగిలాయి. నా బెంగ బెనె ఇజ్రాయెల్ అనే యూదుల గురించి. వీళ్ళు బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్ళు కాదు, మీ కొంకణ్ వాళ్ళే. ఎప్పుడో ఓడ మునిగితే ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు ఆలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డుకు చేరారని వాళ్ళు చెప్పుకునే కథ. గానుగ ఆడించి నూనె తీసేవాళ్ళు, శనివారం మాత్రం గానుగ ముట్టుకునేవాళ్ళు కాదు. అందుకే ఊళ్ళో వాళ్ళను 'శనివార్ తేలీ' అన్నారు. పేణ్ నుంచి వచ్చినవాడు పేణ్‌కర్, చౌల్ నుంచి వచ్చినవాడు చౌల్‌కర్. ఇంట్లో మాట్లాడేది మరాఠీ. పండుగల్లో ప్రవక్త ఎలియా పేరు మీద 'మలీదా' చేస్తారు. తీపి అటుకులు, కొబ్బరి, పళ్ళు. మా మేనకోడలు ఆ పళ్ళెం ఫొటో చూసి "ఇది మన సత్యనారాయణ వ్రతం ప్రసాదంలా ఉందే" అంది.

19వ శతాబ్దం చివర్లో వీళ్ళు బైబిలు కథలను మరాఠీ కీర్తనలుగా కట్టారు. హరిదాసులు చెప్పినట్టే మధ్యమధ్యలో పాట, మాట, మళ్ళీ పాట. మనకు హరికథ ఎలాగో అలాగే. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో, పండుగల్లో పాడే పాటలను నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకుని దాచుకున్నారు. పుణెలో 1874లో హీబ్రూ పక్కన మరాఠీ అనువాదంతో పస్కా పండుగ పుస్తకం అచ్చయింది. అందులో రొట్టె చేస్తున్న ఆడవాళ్ళు చీరలు కట్టుకుని ఉంటారు. దీన్ని విదేశీ సంస్కృతి అని ఎవరైనా అంటే ఆ బొమ్మ ఒక్కటి చూపిస్తే చాలు.

1951 జనాభా లెక్కల్లో దేశంలో యూదులు ఇరవై ఆరు వేల పైచిలుకు. ఇప్పుడు నాలుగైదు వేలు, అందులో ఎక్కువమంది ముంబై, ఠాణే చుట్టుపక్కలే. మిగతావాళ్ళలో చాలామంది 1948 తర్వాత ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయారు. ఎవరూ తరిమితే కాదు, వాళ్ళంతట వాళ్ళే. పాటల నోటు పుస్తకాలు కొన్ని వాళ్ళతో పాటే ఓడెక్కాయి. ఇక్కడ మిగిలినవి ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో అడిగితే చెప్పగలిగిన పెద్దావిడలు కొద్దిమందే. వాళ్ళ గొంతు రికార్డు చేయడానికి కోట్లు అక్కర్లేదు, ఇద్దరు కుర్రాళ్ళూ ఒక మంచి మైకూ చాలు. కానీ ఈ పని ఐదేళ్ళ తర్వాత చేస్తామంటే కుదరదు.

ఇప్పుడు తెలుగువాడి సంగతి.

మా తాత కరీంనగర్ వైపు నుంచి బొంబాయి వచ్చి మిల్లులో సాంచాల (మరమగ్గాల) మీద పని చేశాడు. మిల్లు పేరు తర్వాత ఇండియా యునైటెడ్ అని మారినా ఆయన చివరిదాకా 'జాకబ్ మిల్లు' అనే అన్నాడు. ఆ జాకబ్ ఎవరో మేమెప్పుడూ అడగలేదు. నీలిరంగు సినగాగ్ కట్టించిన జాకబ్ ససూనే అని నాకు యాభై దాటాక తెలిసింది. ఊళ్ళోకెల్లా పెద్ద మిల్లు అది. పద్మశాలీలు ఎంతమంది ఆ గేట్లలోంచి లోపలికి వెళ్ళి బయటికొచ్చారో లెక్కలేదు. 1982 జనవరిలో సమ్మె మొదలయ్యాక మా నాన్న ఇంట్లో కూర్చున్నాడు, మళ్ళీ మిల్లు మెట్లెక్కలేదు. అదే సమూహపు మిల్లులను కాలాచౌకీలో ఇప్పుడు బట్టల మిల్లుల మ్యూజియంగా మారుస్తున్నారు. అది కార్పొరేషన్ వాళ్ళ పని, మీ శాఖది కాదు, తెలుసు. మీరు ఒక మాట చెబితే వింటారని కూడా తెలుసు. అందులో ఒక గోడ ససూన్లకు, దాని ఎదుటి గోడ ఆ సాంచాల మీద చేతులు అరగదీసుకున్న కొంకణీ, ఘాటీ (కనుమల అవతలి), తెలుగు కూలీలకు కేటాయించమనండి.

ససూన్ల గోడ మీద నిజం మొత్తం రాయమనండి. డేవిడ్ ససూన్ పత్తి వ్యాపారం చేశాడు, నల్లమందు వ్యాపారమూ చేశాడు. చైనా వెళ్ళిన నల్లమందు డబ్బు ఈ ఊళ్ళో గ్రంథాలయాలుగా, బడులుగా నిలబడింది. దాచిపెడితే అది మ్యూజియం కాదు, పెళ్ళి ఆల్బమ్.

సినిమా దగ్గరికొస్తే మన చుట్టరికం ఇంకా దగ్గరిది. 1931లో వచ్చిన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'కు ఆధారం ఒక నాటకం. రాసింది జోసెఫ్ డేవిడ్ పేణ్‌కర్, పార్సీ రంగస్థలానికి పనిచేసిన బెనె ఇజ్రాయెల్ రచయిత. ఆ సినిమాకు దర్శకుడు అర్దేశిర్ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి మరుసటి ఏడే తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీశాడు, అదీ బొంబాయిలోనే. ఏలూరు నుంచి చెప్పకుండా వచ్చేసిన కుర్రాడు ఎల్.వి. ప్రసాద్ రెండింట్లోనూ కనిపించాడు. తెలుగు తెర మాట్లాడటం నేర్చిన బడి బొంబాయే. అక్కడ మన రెడ్డిగారు పనిచేసిన తొలి మాటల సినిమా కథ ఒక మరాఠీ యూదుడిది. మా మేనకోడలికి ఇది చెబితే "మరి సినిమా చూద్దాం పద" అంది. 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటీ మిగల్లేదని చెప్పాల్సి వచ్చింది.

ఇంకా పేర్లున్నాయి. మూకీల కాలంలో దేశమంతా వెర్రెత్తిన సులోచన అసలు పేరు రూబీ మయర్స్, 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. 1947లో తొలి మిస్ ఇండియా ప్రమీల అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహాం. కనుబొమ్మ ఎత్తితే థియేటరు నిశ్శబ్దమయ్యే నాదిరా అసలు పేరు ఫ్లోరెన్స్ ఎజెకీల్. డేవిడ్ అని ఒక్క పేరుతో అందరూ పిలిచిన ఆ బట్టతల మామయ్య డేవిడ్ అబ్రహాం చౌల్‌కర్. మంచి ఇళ్ళ ఆడపిల్లలు కెమెరా ముందుకు రావడం తప్పనుకున్న రోజుల్లో యూదు అమ్మాయిలు వచ్చారు. వాళ్ళే లేకపోతే తొలి తరం సినిమాల్లో నాయిక వేషాలు ఇంకా చాలాకాలం మగవాళ్ళే కట్టేవాళ్ళేమో.

కవుల్లో నిస్సీం ఎజెకీల్. 1924లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1983లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, 2004లో పోయాడు. ఇంగ్లిష్‌లో రాసినా ఆ కవితల్లో వినబడేది బొంబాయి బస్టాపు మాటే. ఆయన శతజయంతి వచ్చి వెళ్ళిపోయింది. ఎవరైనా సభ పెట్టారేమో, మా వరకూ రాలేదు.

మీ ప్రభుత్వం 2016లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. మంచి పని. కానీ హోదా కాగితం మనుషుల కోసం, పాటల కోసం కాదు. పాటలకు, పత్రికలకు, ఫొటోలకు ఒక చోటు కావాలి. నేను అడుగుతున్నది కొత్త భవనం కాదు. ఎల్ఫిన్‌స్టన్ భవనంలోని మీ పురాభిలేఖాగారంలో, లేదా కాలా ఘోడా చుట్టుపక్కల మీ చేతిలో ఉన్న ఏ గదైనా సరే, ఒక్కటి ఇప్పించండి. ఊళ్ళో ఎక్కడ ఏముందో ఒకే జాబితా అక్కడ ఉండాలి: ఏ సినగాగ్‌లో ఏ తామ్రఫలకం, ఏ బడిలో ఏ రికార్డు, ఏ కుటుంబం దగ్గర ఏ పాట. అసలు ప్రతులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంచుకోనివ్వండి, మీరు స్కాన్ చేసుకుంటే చాలు. పట్టిక మరాఠీలో ఉండాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే పెడితే కొంకణ్ ముసలమ్మకు తన పాట తనకే దొరకదు. గది తలుపు మీద ఆ సమాజం వాళ్ళ మాటే చెల్లాలి, మా బోటివాళ్ళదీ కాదు, మీ అధికారులదీ కాదు.

ఇక సినగాగ్‌ల దగ్గర పోలీసు కాపలా. 2008 నవంబరు ఉగ్రదాడిలో కొలాబాలోని యూదు కేంద్రం నరీమన్ హౌస్‌లో ఏం జరిగిందో ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. కాపలా ఉండాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ నెలకు ఒక రోజైనా, వారం ముందే పేరూ ఆధారూ ఇచ్చినవాళ్ళు గైడు వెంట లోపలికి వెళ్ళేలా హోంశాఖతో మాట్లాడి ఏర్పాటు చేయించండి. మాండ్వీలో 1796లో సామాజీ దివేకర్ స్థాపించిన 'గేట్ ఆఫ్ మెర్సీ' ఈ ఊళ్ళో అన్నిటికన్నా పాత సినగాగ్. పక్కనున్న మస్జిద్ స్టేషన్‌కు ఆ పేరు దీనివల్లే వచ్చిందని యూదులు చెబుతారు. రోజూ ఆ స్టేషన్లో వేలమంది దిగుతారు. వాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇజ్రాయెల్ రాజకీయాలను ఇందులోకి లాగేవాళ్ళు ఉంటారు, ఇటు నుంచీ అటు నుంచీ. మీరు లొంగకండి. గానుగ తిప్పిన శనివార్ తేలీకి ఆ గొడవలతో ఏం సంబంధం?

మా తెలుగువాళ్ళను కూడా వదిలిపెట్టను. కామాఠీపురా పేరు ఎవరి వల్ల వచ్చింది? ఈ ఊరు కట్టడానికి రాళ్ళు మోసిన మన కామాఠీల వల్ల. ఆ పేరు దేనికి గుర్తుగా మిగిలిందో అందరికీ తెలుసు, ఎవరి పేరో ఎవరికీ తెలీదు. మన పాటలు, మన మిల్లు కాగితాలు కూడా అటకల మీదే ఉన్నాయి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తమను బెనె ఎఫ్రాయిమ్ యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? వాళ్ళ మాట ఎంతవరకు చరిత్రో పండితులు తేల్చుకుంటారు, ముందు వాళ్ళ పాటలు ఎవరైనా విన్నారా?

మంత్రిగారూ, నేను రిటైరయ్యాను, ఏ పని రోజైనా మంత్రాలయకు (మీ సచివాలయానికి) రాగలను. మా మేనకోడలు మూడు రోజుల్లో తయారుచేసిన జాబితా తెస్తాను. చేతిరాత, నాలుగు పేజీలు, అక్కడక్కడా చాయ్ మరకలు. ప్రాజెక్టుకు బీ ప్లస్ వచ్చింది. మూలాలు సరిపోలేదని మార్కులు తగ్గించారట. అటక మీది మూట దించే మనిషి సెలవు నుంచి వచ్చేశాడేమో, ముందు అదొక్కటి కనుక్కోమని ఎవరికైనా చెప్పండి.

ఇట్లు,
వర్లీ చాల్ గదుల్లో పుట్టి పెరిగిన ఒక మిల్లు కార్మికుడి కొడుకు