శనివారం రిహార్సల్ పొద్దున్నే

అందరికీ నమస్తే. శనివారం సాయంత్రం కాదు, పొద్దున ఆరింటికే రండి. చెన్నై ఉక్కపోతకు అరచేతులు చెమటపట్టి సిల్క్ (మనం వేలాడే పొడవాటి గుడ్డ) మీద పట్టు జారుతోంది, పట్టు కోసం రోజిన్ జిగురు రాసినా ఎంతోసేపు ఆగట్లేదు. మోకాలి వెనక ఒరుసుకుని తోలు లేచినవాళ్లు నిండుగా ఉండే లెగ్గింగ్స్ వేసుకోండి. డ్రాప్ (పైనుంచి ఒక్కసారిగా కిందికి జారే ఫీట్) ఆగే క్షణంలో సిల్క్ మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల లాగుడు పడుతుంది. అందుకే సిల్క్‌ను పైన తగిలించే క్యారబినర్ కొక్కెం, అది మెలిపడకుండా తిరిగే స్వివెల్ ఇద్దరు చూశాకే ఎక్కాలి. మ్యాట్ లేకుండా సాహసాలొద్దు తమ్ముళ్లూ!

అసలు నా దిగులు డాన్స్ గురించి. సర్కస్ ఫీట్ల మధ్య అతికించినట్టుంది. ఇదే ఊళ్లో కొరియోగ్రాఫర్ చంద్రలేఖ గారు భరతనాట్యం, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా కలిపేశారు. మనం ఫీట్ అయ్యాక ఆయాసపడతాం చూడండి, ఆ ఆయాసాన్ని దాచకుండా దాని లయలోనే అడుగులు మొదలుపెట్టి చూద్దాం. టిఫిన్ రిహార్సల్ తర్వాతే.