స్టేజ్ 4 అనగానే ఊరి బస్సు ఎక్కించొద్దు

సంపాదకుడికి,

బెంగళూరు క్యాన్సర్ ఆసుపత్రుల ఓపీ దగ్గర కాసేపు నిలబడితే హిందూపురం, కదిరి, మదనపల్లె యాస చెవిన పడుతూనే ఉంటుంది. అక్కడి కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి మనవాళ్లు రావడం ఈనాటిది కాదు. వైద్యం దొరుకుతోంది. జబ్బు సంగతి అర్థమయ్యేలా చెప్పేవాళ్లే దొరకడం లేదు.

మా బంధువు ఒకాయనకు లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షిస్తే అక్కడికీ పాకిందన్నారు. రిపోర్టులో స్టేజ్ 4. డాక్టరు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి తర్వాతి పేషెంటును పిలిచారు. బయట బెంచీ మీదే మా పెద్దవాళ్లు తేల్చేశారు: "ఇంకేం చేసినా డబ్బు దండగ, ఇంటికి తీసుకుపోదాం పదండి." తెలుగొచ్చిన నర్సమ్మ ఒకామె అడ్డుపడి మళ్లీ లోపలికి పంపబట్టి సరిపోయింది. ఇప్పుడు కీమో నడుస్తోంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో స్టేజ్‌కి వేసే లెక్క దీనికి వేయకూడదు. లింఫోమా తెల్ల రక్తకణాల జబ్బు. అవి ఒళ్లంతా తిరిగేవే కాబట్టి మూలుగలో కనపడటం వింత కాదు. అందుకే ఎన్నో స్టేజ్ అని కాదు, ఏ రకం అని ముందు అడగాలి. ఫాలిక్యులర్ రకం చాలామందిలో బయటపడేసరికే మూలుగలో ఉంటుంది. పూర్తిగా పోవడం అరుదే గానీ ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది, ఇబ్బంది లేకపోతే కొందరికి వెంటనే మందే మొదలుపెట్టరు. వేగంగా పెరిగే 'డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్' రకానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. 21 రోజులకోసారి, మామూలుగా ఆరుసార్లు ఆర్-చాప్ అనే మందుల కలయిక ఇస్తారు. మూలుగలోకి చేరితే అవకాశాలు కొంత తగ్గే మాట నిజమే. వయసు, రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఎంతుందో, మనిషి ఓపిక కూడా చూస్తారు. అయినా ఈ స్టేజ్‌లోనూ పూర్తిగా నయమైనవాళ్లు ఎందరో ఉన్నారు. తిరగబెడితే కొందరికి మూలకణ మార్పిడి ఉంది, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదకు పంపే కార్-టి చికిత్స, 2023లో అనుమతి వచ్చిన మన దేశపుదే, ఉంది. దాని ఖర్చు గురించి వేరే ఉత్తరం రాయాలి లెండి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆరోగ్యశ్రీని బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులకూ విస్తరించింది. అలాంటి చోట్ల డాక్టరు చెప్పింది తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి: జబ్బు రకం, నయం చేయడానికా అదుపులో పెట్టడానికా, ఎన్ని కీమోలు, చేతినుంచి ఎంత పడుతుంది, జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే రాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలి. ఈ ఆఖరిది చిన్న విషయం కాదు. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు పారాసిటమాల్ మింగించి తెల్లారేదాకా చూస్తే ప్రాణం మీదకు వస్తుంది. పథకం అనుమతుల కోసం ఆరోగ్యమిత్రలు ఎలాగూ ఉంటారు. ఈ కాగితం రాయించే బాధ్యత కూడా వాళ్లకే అప్పగించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు