శనివారం: పిల్లలే చేసే బొమ్మల పుస్తకం

అందరికీ నమస్తే. ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు ఒక్క ఏ4 కాగితంతో పిల్లల చేత 8 పేజీల పుస్తకం చేయిద్దాం.

ఒక్కొక్కరికి: 75–80 జీఎస్‌ఎం (మామూలు జిరాక్స్ కాగితం మందం) తెల్ల కాగితాలు 3 (ఒకటి పాడవడం ఖాయం), పెన్సిల్, క్రేయాన్లు, మొన లేని కత్తెర. దళసరి డ్రాయింగ్ షీట్లు వద్దు, మడతలు ఉబ్బి పుస్తకం మూసుకోదు.

కాగితాన్ని 8 గళ్ళు (రెండు వరుసల్లో నాలుగేసి) వచ్చేలా మడిచి విప్పండి. పొట్టి అంచులు కలిసేలా సగానికి మడిచి, మడత వైపు నుంచి నడిమి మడతగీత మీద, అడ్డంగా ఉన్న మడతగీత తగిలేదాకా (7.4 సెం.మీ.) కత్తిరించండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే! తెరిచిన అంచు నుంచి కత్తిరిస్తే పుస్తకం కుదరదు, కొత్త కాగితం తీసుకోవాల్సిందే. ఇప్పుడు విప్పి, పొడవునా మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే ప్లస్ ఆకారం వస్తుంది. పేజీలన్నీ ఒకవైపుకు తిప్పి నొక్కితే పుస్తకం.

బొమ్మలు మడిచాకే వేయించండి. ముందే వేస్తే సగం పేజీలు తలకిందులవుతాయి. స్కెచ్ పెన్ రంగు వెనక్కి దిగినా పర్వాలేదు, ఆ వైపు లోపలే ఉండిపోతుంది.

బొమ్మ సగం గీసి మిగతాది పిల్లలకు వదిలేసే పుస్తకాలు ఇంట్లో ఉంటే తెండి.

పిల్లల బొమ్మలు దయచేసి దిద్దకండి. "ఇదేంటి?" బదులు "దీని గురించి చెప్పు" అనండి.

ఎంతమంది పిల్లలు వస్తారో గురువారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి. కత్తెర మర్చిపోవద్దు 🙏